కంచర గాడిద కడుపులో

పోయిన వారం మీరు నన్ను ఎక్కడ వదిలేసి వెళ్ళారో ఇంకా అక్కడే ఉన్నాను. కంచర గాడిద కడుపులో, నడుం వంచుకుని, ముందున్న మనిషి బెల్టు రెండు చేతులా పట్టుకుని. ఆ బెల్టు చుట్టిన నడుం నా కూతురిది కాదని అప్పుడే తెలిసింది. ఇంతలో బ్యాండు మొదలైంది, ఊరేగింపు కదిలింది, దాంతోపాటు నేనూ కదిలాను. కదలక ఏం చేస్తాను? లోపల పెట్టి కుట్టేశారు.

ఈ వారమే కొత్తగా చదువుతున్నవాళ్ళ కోసం రెండు ముక్కలు. నా పేరు లొరెయిన్ హుడాక్. హేజెల్ గ్యాప్ అనే ఈ ఊళ్ళో పుట్టి, ఇక్కడే పెరిగి, ఇక్కడే పెళ్ళాడి, ఇక్కడే మొగుడు వదిలేసిన ఆడదాన్ని. మా ఆయన రే మూడేళ్ళ కిందట గ్లెండా అనే ఆవిడ కోసం నది దాటి అవతలి ఊళ్ళో కాపురం పెట్టాడు. మా అమ్మాయి డెనీస్‌కి పదహారు. అది ఎవరి దగ్గర ఉండాలన్నది సోమవారం కోర్టులో దాన్నే అడిగి తేలుస్తానన్నాడు జడ్జి. "నీ దగ్గరే ఉంటానమ్మా, ఇంకెక్కడికి పోతాను," అని అది వంటింట్లో నిలబడి నాతో చెప్పింది. చెప్పినప్పుడు దాని చేతులు మోచేతుల దాకా నల్లగా ఉన్నాయి. నావీ అంతే. ఇద్దరం గాడిదకి రంగు వేస్తున్నాం.

హాలోవీన్ పండగ రాత్రి వేషాల ఊరేగింపుకి మా ఊళ్ళో ఎవరూ వేషం కొనుక్కోరు. కొనుక్కున్నవాణ్ణి ఎవరూ ఏమీ అనరు గానీ వాడి వంక చూడరు కూడా. వేసవి ఎండలు తగ్గుముఖం పట్టగానే ఇళ్ళ కిటికీలకి దుప్పట్లు కట్టేస్తారు, లోపల ఏం తయారవుతోందో పక్కింటివాళ్ళకి తెలియకూడదని. ఏడాదంతా ఒకరి గుట్టు ఒకరు దాచలేని ఊరు, వేషం గుట్టు మాత్రం పొరపాటున కూడా బయటపెట్టదు.

ఈసారి మాది బొగ్గు గనిలో బండ్లు లాగే కంచర గాడిద. మా తాత అలాంటివాటిని తోలినవాడే. సెప్టెంబరు నుంచి మేం భోజనాల బల్ల మీద భోజనం చేసిన పాపాన పోలేదు. పక్కింటి స్టెల్లా పాత కోళ్ళగూడు పీకేస్తుంటే ఆ ఇనుప వల అడిగి తెచ్చి, వంచి, అస్థిపంజరం కట్టాం. చర్చి వంటింట్లోంచి ఆలుగడ్డల గోనెసంచులు తెచ్చి, నల్ల వాల్‌నట్ కాయల తొక్కలు మరిగించిన నీళ్ళలో రంగు పట్టేలా నానబెట్టాం. ఆ కంపుకి మా పిల్లి ఇల్లు వదిలి స్టెల్లా వాకిట్లో మకాం పెట్టింది. జూలుకి నేల తుడిచే నూలు, కళ్ళకి జాడీ మూతలు. ఆ కళ్ళకి రెప్పలు పెట్టి, లోపల దారం లాగితే అవి బరువుగా వాలేలా చేసింది డెనీస్. అది చూసి నేను మురిసిపోయాను. వెనక కాళ్ళకి మందపాటి గుడ్డ కావాల్సి వస్తే అటక మీద రే వదిలేసి పోయిన పని ప్యాంట్లు దొరికాయి. వాటిని కత్తిరిస్తుంటే తల్లీకూతుళ్ళం నేల మీద పడి దొర్లి దొర్లి నవ్వాం. అది నిజం నవ్వే. ఇప్పటికీ నేను అలాగే అనుకుంటున్నాను.

ఇలాంటి వేషంలోకి దూరడానికో పద్ధతి ఉంది. వెనక కాళ్ళ మనిషి మొదట దూరాలి. దూరి నడుం వంచాక ఆ మనిషికి తన బూట్లు, ముందు మనిషి మడమలు తప్ప లోకంలో ఇంకేమీ కనబడవు. ముందు మనిషి ఆ తర్వాత దూరి, తల తగిలించుకుంటుంది. గుండీలు పెడితే అతుకు బయటపడుతుంది కాబట్టి పొట్ట దగ్గర చీలికని బయటి నుంచి సూదీ దారంతో కుట్టేస్తారు. ఆ పని ఏటా మా అక్క వెరోనికాది. రే వెళ్ళిపోయాక నాకున్న తోడల్లా ఆవిడే. కోర్టుకి వెళ్ళినా, సంతకి వెళ్ళినా నా పక్కనే ఉంటుంది. ఈ సాయంత్రం చర్చి హాల్లో కూడా, "కదలకే, సూది గుచ్చుకుంటుంది," అని ఆవిడ గొంతు నా చెవి పక్కనే వినబడింది. "నేను ముందే ఫైర్ స్టేషన్ దగ్గరికి పోయి కత్తెర పట్టుకుని నిలబడతా. నువ్వు దర్జాగా రా," అంది. సరే అక్కా అన్నాను.

ఇప్పుడు ముందున్నదెవరో తేల్చుకోవాలి. గొంతెత్తి అడగడానికి లేదు. చర్చి దగ్గర బయల్దేరినవాళ్ళు ఫైర్ స్టేషన్ హాలు చేరేదాకా నోరు విప్పకూడదు. మా అమ్మమ్మల కాలం నుంచీ విప్పినవాళ్ళు లేరు. దారి పొడుగునా జనం పేర్లు అరుస్తుంటారు. ఒప్పయితే తల ఊపాలి, తప్పయితే అడ్డంగా ఆడించాలి. చివరిదాకా ఎవరికీ దొరక్కుండా వెళ్ళిన వేషానికి పెద్ద పందితొడ బహుమతి. మాంసం ఎవడిక్కావాలి, అది పరువు సంగతి.

అందుకని గిల్లాను. డెనీస్‌కి నడుం పక్కన ఎముక తప్ప ఏమీ ఉండదు. ఇక్కడ నా వేళ్ళకి కండ దొరికింది.

"అబ్బా!" అంది గాడిద మెడ.

"ఎవరే నువ్వు?" అన్నాను గుసగుసగా.

ముందు కాళ్ళు తడబడుతున్నాయి. ఎడమ కాలితో మొదలుపెట్టాలని వంటింట్లో, హాల్లో, పెరట్లో ఎన్నిసార్లు నడిచి చూసుకున్నామో. ఈ మనిషి కుడి కాలితో మొదలుపెట్టి, అడుగడుగునా తన మడమతో నా మోకాలు పొడుస్తోంది. ఆ మడమల వంక చూశాను. బూట్లు డెనీస్‌వే. పాదాలు పట్టక లేసులు కట్టకుండా వదిలేసి ఉన్నాయి.

"చెప్తావా, ఇంకోసారి గిల్లనా?"

"వద్దు, వద్దండీ. నేను... గ్లెండాని."

"ఏ గ్లెండా?" అన్నాను. నాకు తెలిసిన గ్లెండా ఒక్కతే. కానీ మనసుకి కాస్త వ్యవధి కావాలి గదా.

"అదే... రే వాళ్ళ..." అని ఆగిపోయింది. పెళ్ళాన్ని అనే మాట ఆవిడ నోట రాలేదు.

మూడేళ్ళుగా ఈవిణ్ణి మనసులో తిట్టని తిట్టు లేదు. గిన్నెలు తోముతూ తిట్టాను, మంచు ఎత్తి పోస్తూ తిట్టాను. ఎప్పుడో ఒకప్పుడు ఎదురుపడకపోదు, అప్పుడు ఏమనాలో మాటలు కూడా వరసగా పేర్చి పెట్టుకున్నాను. అవన్నీ నిటారుగా నిలబడి, కళ్ళలోకి చూసి అనాల్సిన మాటలు. ఆవిడ పిర్రల వెనక వంగి, ఆవిడ బెల్టు పట్టుకు వేలాడుతూ, ఆవిడకీ నాకూ మొగుడైన మనిషి ప్యాంటు తొడుక్కుని అనాల్సి వస్తుందని నేను కలలో కూడా అనుకోలేదు. ఒక్క మాటా గుర్తు రాలేదు.

"ముందు కాళ్ళు డెనీస్! వెనక లొరెయిన్!" అని బేకరీ మెట్ల మీద నుంచి ఎవరో అరిచారు. నా నెత్తి మీద ఇనుప వల కిర్రుమంది. గాడిద తల ఊపింది. అడ్డంగా కాదు, నిలువుగా.

"డెనీస్! బాగుంది గాడిద! కన్ను కొట్టవే!" అని ఇంకో గొంతు. దారం లాగిన చప్పుడైంది. చప్పట్లు మోగాయి.

"ఎందుకు ఊపావ్?" అన్నాను.

"కాదంటే ఎవరా అని ఇంకా పరీక్షగా చూస్తారని..."

"నువ్వు నా కూతురివా?"

"కాదు."

"మరి దాని పేరుకి నువ్వెలా తల ఊపుతావ్? దాని చప్పట్లు నువ్వెలా తీసుకుంటావ్?"

లోపల ఉక్కగా ఉంది. వాల్‌నట్ కంపుకి ఆవిడ పూసుకున్న సెంటు తోడయింది. పైగా ఆవిడ వణుకుతోంది. వణుకుతున్న మనిషిని పట్టుకుని నడవడం ఎంత కష్టమో పట్టుకుంటే తెలుస్తుంది.

ఎలాగైనా బయట పడదామని ఒక చెయ్యి వదిలి పొట్ట దగ్గర కుట్టు తడిమాను. మా అక్క కుట్లు నాకు తెలుసు. బద్ధకంగా, వేలెడేసి దూరంలో వేస్తుంది, ఒక్క గుంజు గుంజితే ఊడొస్తాయి. కానీ నా వేలికి తగిలినవి అవి కావు. దగ్గర దగ్గరగా, ప్రతి కుట్టూ వెనక్కి తిరిగి తన మీద తనే ముడి పడ్డ కుట్లు. లాగిన కొద్దీ బిగుస్తాయి. ఆ కుట్టు మా అమ్మ నాకు నేర్పింది, నేను నా కూతురికి నేర్పాను. ఊళ్ళో ఇంకెవరికీ రాదు. మళ్ళీ తడిమి చూశాను. సందేహం లేదు. చర్చి హాల్లో నేను విన్న గొంతు మా అక్కది, కుట్టిన చేతులు నా కూతురివి. నన్ను లోపల పెట్టి కుట్టేసింది నా డెనీస్.

అది తెలిశాక కాసేపు నాకు బ్యాండు కూడా వినబడలేదు. ఎవరో నా ఇంట్లో దూరి నన్నే బయటికి గెంటినట్టు అనిపించింది. ఏడుపొచ్చింది గానీ కళ్ళు తుడుచుకోవడానికి చెయ్యి ఖాళీ లేదు.

"నా కూతురేదీ?" అన్నాను.

"అదీ..."

"గ్లెండా, ఈ బెల్టు నా చేతిలో ఉంది. నిన్ను ఇక్కడే బోర్లా పడేస్తా. నా కూతురేదీ?"

"ఇంట్లో."

"ఎవరింట్లో?"

"మీ ఇంట్లోనే. బట్టలు సర్దుకుంటోంది."

ఆవిడ చెప్పిందంతా ముక్కలు ముక్కలుగా, చప్పట్లు మోగినప్పుడల్లా ఆగి, మళ్ళీ అందుకుని చెప్పింది. పోయిన ఆదివారం డెనీస్ వాళ్ళింటికి వెళ్ళిందట. స్టెల్లా మనవరాలితో సినిమాకి వెళ్తున్నానని నాతో చెప్పిన ఆదివారం అది. వెళ్ళి, మీ దగ్గరే ఉంటాను, జడ్జితో అదే చెబుతాను అందట.

"కానీ అమ్మ చూస్తుండగా నేను సర్దుకోలేను అంది," అంది గ్లెండా. "అమ్మ అరవదు, తిట్టదు, గది తలుపు దగ్గర నిలబడి ఊరికే చూస్తుంది, ఆ చూపు పడితే నేను ఒక్క మేజోడు కూడా మడత పెట్టలేను అంది. అమ్మని కాసేపు ఎక్కడైనా కదలకుండా ఉంచాలి, ఆవిడ ఎక్కడా కదలకుండా ఉండదు, ఇదొక్కటే దారి అంది. రే కారు తెచ్చి మీ ఇంటి ముందు పెడతాడు. ఊరేగింపు అటు వచ్చేలోపు వాళ్ళు వెళ్ళిపోవాలి. అనుకున్నది అదీ."

"నువ్వు సరేనన్నావ్."

"అన్నాను."

"సిగ్గులేదూ?"

"ఉంది." కొంచెం సేపు నడిచాం. "మూడేళ్ళలో ఆ పిల్ల నన్ను నోరు తెరిచి ఏదీ అడగలేదండీ. మా ఇంటికొస్తే గ్లాసుడు మంచినీళ్ళు కూడా తనే లేచి తెచ్చుకుంటుంది. నేనేదైనా వడ్డిస్తే థాంక్స్ అంటుంది, పరాయివాళ్ళతో అన్నట్టు. అలాంటిది మొదటిసారి నా చెయ్యి పట్టుకుని అడిగింది. ఎలా కాదనను? మీ అమ్మకి చెప్పవే, దాచకు అని చెప్పాను. ఏడ్చింది. దాని గదికి గోడ కాగితం కూడా అంటించాం. పసుపుది."

"దానికి పసుపంటే ఒళ్ళు మంట."

"తనే ఎంచుకుంది," అంది గ్లెండా మెల్లిగా.

గోడ కాగితం దగ్గర నాకు తగిలినంత గట్టిగా కోర్టు మాట దగ్గర కూడా తగల్లేదు. నా ఎదురుగా కూచుని గాడిద చెవులకి దూది కూరుతూ, రాత్రికేం వండుతున్నావమ్మా అని అడుగుతూ, అది మనసులో వేరే ఇంటి గోడలకి రంగు ఎంచుకుంటోంది. ఆ వంటింట్లో నవ్విన నవ్వులన్నీ ఒక్కొక్కటే తీసి చూసుకున్నాను, వాటిలో ఏది నిజం, ఏది నన్ను ఏమార్చడానికి అని. ఎంత చూసినా తేడా తెలియలేదు.

"మీ కాళ్ళు నొప్పెడుతున్నాయా?" అంది గ్లెండా.

"నా కాళ్ళ సంగతి నీకెందుకు?"

"ఆగారు గదా అని."

ఆగానని నాకే తెలియదు. మళ్ళీ నడిచాం. బూటు కింద రైలు పట్టాలు తగిలాయి, ఆ తర్వాత ఇటుకల రోడ్డు మొదలైంది. మా వీధి. ఈ వీధిని నేను కళ్ళు మూసుకుని నడవగలను, ఆ మాట ఎన్నోసార్లు గొప్పగా అన్నాను కూడా. కాస్త దూరం పోయేసరికి ఎడమ పక్క నుంచి ఆలుగడ్డ అట్లు నూనెలో వేగుతున్న వాసన కొట్టింది. చర్చి వాళ్ళు ఆ బండి ఏటా మా ఇంటికి సరిగ్గా ఎదురుగా పెడతారు. వాసన ఎడమ పక్క ఉందంటే కుడి పక్కనున్నది నా ఇల్లు.

బ్యాండు ఒక పాట ముగించి ఇంకో పాట ఎత్తుకునే లోపు కారు డిక్కీ ధడాలున మూసిన చప్పుడైంది.

"అయ్యో," అంది గ్లెండా. "వీళ్ళింకా వెళ్ళలేదే."

నేను కూర్చున్నాను. ఆలోచించి కూర్చోలేదు. గాడిద వెనక భాగం రోడ్డు మీద కూలబడింది, ముందు భాగం నిలబడే ఉంది.

వీధి వీధంతా గొల్లుమంది. "మొండికేసింది! గాడిద మొండికేసింది చూడండ్రా!" అని కేకలు. ఈలలు. ఫైర్ స్టేషన్ తరఫున మైకు పట్టుకుని ముందు నడిచే పెద్దమనిషి అక్కడి నుంచే అందుకున్నాడు. "ఓ లొరెయినమ్మా! గని గాడిదంటే అదీ! మా నాయన చెప్పిన గాడిద అచ్చం ఇదే!" అన్నాడు. జనం ఇంకా నవ్వారు. నేను లోపల కూర్చుని వెక్కి వెక్కి ఏడుస్తుంటే గాడిద వీపు ఎగిరెగిరి పడుతోంది కాబోలు, అదీ వేషంలో భాగమే అనుకుని చప్పట్లు కొట్టారు. ఇంత బాగా ఏ ఏడూ కొట్టలేదు.

"లేవండి, దయచేసి లేవండి," అంది గ్లెండా. "అందరూ చూస్తున్నారు."

"కుడి పక్కకి నడు. నా ఇంటి గేటు దగ్గరికి."

"నేను ఆ పిల్లకి మాటిచ్చాను."

"నాకేం ఇవ్వలేదుగా. నడు."

ఆవిడ నడవలేదు. నేను లేచి, బెల్టు బిగించి పట్టుకుని, కుడి పక్కకి లాగాను. ఆవిడ ముందుకి గుంజింది. మధ్యలో ఇనుప వల కరకరమంది, గోనెపట్ట ఎక్కడో చిరిగింది, కుట్టు మాత్రం చెక్కు చెదరలేదు. అంత బాగా కుట్టింది నా కూతురు. ముందు కాళ్ళు ఒక దిక్కు, వెనక కాళ్ళు ఒక దిక్కు. ఎవరో తోక పట్టుకుని లాగారు. ఎవరో నా వీపు మీద చరిచి "హెయ్, హెయ్" అని అదిలించారు. ఈ ఊళ్ళో నేను పుట్టినప్పటి నుంచీ ఎరిగిన మనుషులు వాళ్ళంతా. నా ప్రాణం పోతుంటే వాళ్ళకి నవ్వొస్తోంది. వాళ్ళదేం తప్పు, వాళ్ళకి కనబడేది గాడిదే గదా.

ఉన్నట్టుండి గ్లెండా గుంజడం మానేసింది. ఆవిడ గాడిద నోట్లోంచి ఏం చూసిందో నాకు తెలియదు. తనే కుడి పక్కకి తిరిగింది. కాలిబాట గట్టు ఎక్కాం. గేటు ఇనుప చువ్వ నా భుజానికి తగిలింది. అక్కడే ఆగాం.

మా ఇంటి మెట్ల మీద ఒక చెక్క కాలు పెడితే కిర్రుమంటుంది. అది కిర్రుమంది. రాళ్ళ బాట మీద అడుగులు దగ్గరికొచ్చాయి. గేటు తెరుచుకుంది. గోనెగుడ్డ మీద, సరిగ్గా నా వీపు మీద ఒక చెయ్యి ఆనింది. మందపాటి గుడ్డలోంచి కూడా వెచ్చగా తెలిసింది.

"అమ్మా," అంది డెనీస్.

"విప్పవే. నన్ను విప్పు. లోపలికి పోయి మాట్లాడుకుందాం."

"వద్దమ్మా."

"ఒక్క నిమిషం మాట్లాడదాం. ఆపనులే. ఒట్టు."

"నువ్వు ఆపవు. నాకు తెలుసు. ఊరికే నిలబడతావ్." "నువ్వు బయటుంటే నేను గడప దాటలేనమ్మా. అందుకే ఇలా చేశాను."

"మరి వంటింట్లో నాతో చెప్పిన మాటేంటే?"

"నువ్వడిగావ్. అప్పుడు నువ్వెంత నవ్వుతున్నావో తెలుసా? ఇంకేం చెప్పను?"

ఆ చెయ్యి నా వీపు మీద అలాగే ఉంది. వెనక బ్యాండు మోగుతోంది. ఊరేగింపులో మా వెనక వేషాలన్నీ మమ్మల్ని దాటుకుని పోతున్నాయి.

"డెనీస్," అంది గ్లెండా ఉన్నట్టుండి, గాడిద మెడలోంచి. "మీ నాన్న ఏడమ్మా?"

డెనీస్ నా వీపు మీది చెయ్యి తీసేసింది. అడుగులు దూరం పోయాయి. కారు తలుపు తెరిచి మూసిన చప్పుడైంది.

"లొరెయిన్," అంది గ్లెండా. ఆవిడ నన్ను పేరు పెట్టి పిలవడం అదే మొదలు. "ఆ కారు రేది కాదు."

"సరిగ్గా చూడు."

"చూస్తున్నాను. పొడుగాటి నీలం కారు. వెనక అద్దం మూలకి టేపు అంటించి ఉంది."

ఆ టేపు అంటించింది నేనే, పోయిన శీతాకాలంలో, నా చేతులతో. అయినా అడిగాను. "ముందు సీట్లో ఎవరున్నారు?"

"ఆవిణ్ణి కోర్టు వరండాలో చూశాను, మీ పక్కన. మీ అక్క."

ఆ తర్వాత గ్లెండా తనలో తను మాట్లాడుకున్నట్టు అంది. "డెనీస్ రేని వంతెన అవతల ఆగమని చెప్పిందట, నిన్న ఫోన్‌లో. ఇంటి ముందు వద్దు నాన్నా, అక్కడికే నడిచొస్తానని. ఈ ఉదయం ఆ మాట నాతో అన్నాడు. నేనే పట్టించుకోలేదు. మా దగ్గరికి వస్తానంది గదా. నా చెయ్యి పట్టుకుని చెప్పింది గదా."

"నాతో ఉంటానని చెప్పింది," అన్నాను.

నన్ను కుట్టేసిన కూతురి మీద కంటే, అది కుడుతుంటే నా చెవి దగ్గర నిలబడి "కదలకే" అన్న అక్క మీద నాకు ఎక్కువ మండింది. పిల్లకి పదహారేళ్ళు, భయపడింది అనుకోవచ్చు. ఈవిడ నా తోడబుట్టింది. రే వెళ్ళిపోయిన వారం నా పక్కలో పడుకుని, నేను నిద్రపోయేదాకా తల నిమిరిన మనిషి. కారు ఇంజను మోగింది. ఇక నాకు నియమం లేదు, ఊరు లేదు, గాడిద లేదు.

"వెరోనికా!" అని అరిచాను.

ఊరేగింపులో వేషం లోంచి మనిషి గొంతు వినడం ఆ వీధికి అదే మొదటిసారి. నవ్వులు టక్కున ఆగిపోయాయి. ఎవరో "అయ్యో, లొరెయిన్‌కి ఏమైంది?" అన్నారు. బ్యాండు వాళ్ళు కూడా వరస తప్పి, ఒకరి తర్వాత ఒకరు ఆపేశారు. ఆ నిశ్శబ్దంలో కారు ఇంజను ఒక్కటే కాసేపు మోగి, అదీ ఆగింది. తలుపు తెరుచుకుంది. నడక విని మా అక్కేనని గుర్తుపట్టాను, చిన్నప్పుడు విరిగిన కాలు కాస్త ఈడ్చి వేస్తుంది. వచ్చి నా పక్కనే నిలబడింది. ఆవిడ ఊపిరి వినబడుతోంది.

"విప్పు అక్కా," అన్నాను. "నన్ను బయటికి తియ్యి. తీసి, నా కూతుర్ని ఎక్కడికి తీసుకుపోతున్నావో నా మొహం చూసి చెప్పు."

"చెప్తాను," అంది వెరోనికా. "ఎక్కడికో చెప్తాను, ఎందుకో కూడా చెప్తాను. నాలుగు నెలలుగా నీకు చెప్పలేక చస్తున్నాను. కానీ నువ్వు లోపలే ఉండి విను, లొరెయిన్. నీ మొహం చూస్తూ నేను చెప్పలేను."